ఎనిమిది కోర్లు ఇక్కడ, ఎనిమిది కోర్లు అక్కడ

(హన్మకొండలో డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి.

నాకిచ్చిన అంశం "గేమ్ కన్సోల్, డెస్క్‌టాప్ కంప్యూటర్: ఏ ప్రాసెసర్ పవర్‌ఫుల్?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి కూర్చోవచ్చు. డెస్క్‌టాపే. డబ్బు పెట్టగలిగితే ఏ కన్సోల్‌నైనా మించిన డెస్క్‌టాప్ కట్టుకోవచ్చు, అందులో వాదన లేదు. కానీ మీరు కారిడార్‌లో పట్టుకుని నన్ను అడిగేది అది కాదు. "సార్, ప్లేస్టేషన్ 5 మొదట్ల యాభై వేలకే వచ్చింది, అందులో పది టెరాఫ్లాప్స్ అంటున్నరు. అదే పైసలు పట్టుకుని కంప్యూటర్ షాపుకు పోతే అంత ఇస్తలేరు. షాపోళ్లు మోసం చేస్తున్నరా?" ఇదీ అసలు ప్రశ్న. మంచి ప్రశ్న. షాపువాళ్ల మోసమేమీ లేదు గానీ, ఆ పది అనే అంకె దేనిదో ముందు తేల్చుకోవాలి. టెరాఫ్లాప్స్ అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదో చెప్పే కొలత.

బోర్డు మీద రాస్తున్నా చూడండి. సోనీ వాళ్ల గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే డబ్బా, ప్లేస్టేషన్ 5. అందులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగంలో 36 కంప్యూట్ యూనిట్లు ఉన్నాయి. ఒక్కో యూనిట్‌లో 64 లేన్లు, అంటే లెక్కలు చేసే చిన్న భాగాలు. ఒక్కో లేను ఒక్కో టిక్కుకు ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేస్తుంది కాబట్టి రెండు లెక్కలు. చిప్ గడియారం వేగం గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 223 కోట్ల టిక్కులు. 36ను 64తో, రెండుతో, 2.23తో గుణించండి. 10,275 గిగాఫ్లాప్స్ వస్తుంది, వెయ్యి గిగాలు ఒక టెరా. అంటే 10.28 టెరాఫ్లాప్స్. మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు ఇదే లెక్క 52 యూనిట్లు, 1.825 గిగాహెర్ట్జ్‌తో చేస్తే 12.15 వస్తుంది. ఇందులో రహస్యం లేదు, ఎవరైనా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చేయొచ్చు.

ఇప్పుడు గమనించండి. ఈ పదిలో ప్రాసెసర్ వాటా ఒక్క పైసా కూడా లేదు. మొత్తం గ్రాఫిక్స్ భాగానిదే. అదీ అన్ని లేన్లూ ఒక్క టిక్కు కూడా వృథా చేయకుండా పనిచేస్తే వచ్చే లెక్క. నిజంగా గేమ్ ఆడేటప్పుడు అలా ఎప్పుడూ జరగదు.

ఇంకో చిక్కు ఉంది. పీసీ గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 2080 సుమారు 10 టెరాఫ్లాప్స్ కార్డు. తర్వాతి తరంలో వచ్చిన 3070కి 20 అని రాశారు. రెట్టింపు వేగం వచ్చిందా? రాలేదు. 13 టెరాఫ్లాప్స్ పైచిలుకు ఉన్న పాత 2080 టీఐకి దాదాపు సమానంగా నిలబడింది. కొత్త తరంలో, అంతకుముందు పూర్ణాంకాల లెక్కలకే ఉన్న దారిని దశాంశాల లెక్కలకూ తెరిచారు. దాంతో కాగితం మీద అంకె రెట్టింపయింది. గేమ్‌కు పూర్ణాంకాల లెక్కలు కూడా కావాలి కదా, ఆ దారి కొంత సేపు వాటికే పోతుంది. అందుకే ఒకే కంపెనీ రెండు తరాల మధ్యే టెరాఫ్లాప్స్‌తో పోల్చలేం. కన్సోల్‌ను, పీసీని ఆ అంకెతో పోల్చడం ఇంకా కష్టం.

సరే, అసలు ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. దీనికి కొంచెం చరిత్ర కావాలి. మీ నాన్నల కాలంలో టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడే గేమ్ ఉండేది, గుర్తుందా? మారియో, కాంట్రా. మన బజార్లలో దొరికినవి ఎక్కువ శాతం జపాన్ నింటెండో వాళ్ల 1983 నాటి ఫ్యామికామ్‌కు నకళ్లు. అసలు దాని ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. మెమరీ 2 కిలోబైట్లు. మరుసటి ఏడాది వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్, దాని ప్రాసెసర్ కూడా మెరుగైన జాతిది. మరి మారియో పరిగెడుతుంటే వెనక బొమ్మ నున్నగా జరిగినట్టు పీసీలో జరిగేదా? లేదు. 1990లో జాన్ కార్మాక్ అనే కుర్రాడు ఒక ఉపాయం కనిపెట్టేదాకా మామూలు పీసీలో అది సాధ్యం కాదనే అనుకున్నారు. తెర మొత్తం మళ్లీ గీయకుండా, మారిన ముక్కలనే గీయడం ఆ ఉపాయం. దాంతో వాళ్ల బృందం మారియో మూడో భాగాన్ని పీసీలో నమూనాగా చేసి నింటెండోకు పంపింది. నింటెండో వద్దంది. అది వేరే కథ.

మరి నెమ్మదైన డబ్బా అంత సులువుగా ఎలా చేసింది? అందులో బొమ్మలు గీయడానికి విడిగా ఒక చిప్ ఉంది. తెరను పక్కకు జరపడం, 64 చిన్న బొమ్మలను తెర మీద నిలపడం ఆ చిప్ పని. ప్రాసెసర్ "ఈ బొమ్మ ఇక్కడ" అని చెబితే చాలు. పీసీలో ప్రతి చుక్కనూ ప్రాసెసరే మోయాలి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కన్సోల్ తయారుచేసేవాళ్లు పట్టుకున్న సూత్రం అదే: ఏ పని రోజూ వస్తుందో దానికి విడిగా ఒక యంత్రం పెట్టు, ప్రాసెసర్‌ను అడగకు.

2000లో ప్లేస్టేషన్ 2 వచ్చింది. మార్చి 4న జపాన్‌లో విడుదల. సరిగ్గా అదే వారంలో ఏఎండీ, ఇంటెల్ రెండూ పోటీపడి 1 గిగాహెర్ట్జ్ పీసీ ప్రాసెసర్లు తెచ్చాయి. ప్లేస్టేషన్ 2 వేగం 295 మెగాహెర్ట్జ్ కూడా నిండలేదు, మూడో వంతు కన్నా తక్కువ. అయినా ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే వెక్టర్ యూనిట్లతో కలిపి దాని లెక్కల సామర్థ్యం 6.2 గిగాఫ్లాప్స్ అన్నారు. సైనిక పనులకు వాడుకోవచ్చేమోనని జపాన్ ప్రభుత్వం దాని ఎగుమతి మీద నియంత్రణ కూడా పెట్టింది. పిల్లల ఆట వస్తువుకు ఎగుమతి నియంత్రణ!

ఇంతకన్నా రంజైన కథ ప్లేస్టేషన్ 3ది. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి 'సెల్' అనే ప్రాసెసర్ తయారుచేశాయి. 2006లో అది ప్లేస్టేషన్ 3లో వచ్చింది. 3.2 గిగాహెర్ట్జ్. కోరు అంటే ప్రాసెసర్‌లో సొంతంగా ఆదేశాలు నడిపే భాగం. ఇందులో మామూలు కోరు ఒక్కటే. దాని చుట్టూ లెక్కలు మాత్రమే చేసే చిన్న కోర్లు 8 ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఫ్యాక్టరీలోనే మూసేసేవాళ్లు. ఎనిమిదీ బాగున్న చిప్‌లే కావాలంటే చాలా చిప్‌లు పారేయాల్సి వస్తుంది, ఏడు బాగుంటే చాలు అనుకుంటే పారేసేవి తగ్గుతాయి. ఇంకోటి సిస్టమ్‌కు. గేమ్‌కు మిగిలేవి ఆరు. ఒక్కో చిన్న కోరు 25.6 గిగాఫ్లాప్స్. అప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దీని దరిదాపుల్లో కూడా లేవు.

దాంతో అమెరికా వైమానిక దళం పరిశోధన విభాగం ఏం చేసిందంటే, 1,760 ప్లేస్టేషన్ 3లు కొని, న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ అనే ఊళ్లో వరుసగా పేర్చి, కాండర్ క్లస్టర్ అని ఒక సూపర్ కంప్యూటర్ కట్టింది. 2010లో. సుమారు 500 టెరాఫ్లాప్స్. సోనీకి మొదట్లో ఒక్కో డబ్బా మీద నష్టం వచ్చేది, ఆ నష్టం గేమ్‌ల మీద పూడుతుంది. ఈ కస్టమర్ చూస్తే డబ్బాలు వేలల్లో కొన్నాడు, గేమ్ ఒక్కటీ కొనలేదు. (నవ్వులు) 2010 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్‌తో లినక్స్, అంటే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కించుకుని ఆ డబ్బాను కంప్యూటర్‌లా వాడుకునే సదుపాయాన్ని సోనీ తీసేసింది. భద్రత కోసం అని చెప్పింది.

ఇప్పుడు ఒక తమ్ముడు అనుకుంటాడు, "అంటే సెల్ ఉన్న డబ్బాను ఇంట్లో కంప్యూటర్‌గా వాడుకుంటే అదిరిపోయేది కదా" అని. అక్కడే బోల్తా. ఆ డబ్బాలో లినక్స్ వేసి బ్రౌజర్ తెరిచిన వాళ్లకు విసుగొచ్చేది. బ్రౌజర్, వర్డ్, కంపైలర్ అన్నీ ఆ ఒక్క మామూలు కోరు మీదే నడవాలి. ఆ కోరు ఆదేశాలను వచ్చిన వరుసలోనే చేసుకుంటూ పోతుంది. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ఆగినదాన్ని పక్కన పెట్టి తర్వాతివి కానిస్తుంది. ఇక చిన్న కోర్లకు ఒక్కోదానికి 256 కిలోబైట్ల సొంత మెమరీ మాత్రమే. డేటాను అందులోకి తేవడం, తీసుకుపోవడం అంతా ప్రోగ్రామరే రాయాలి. ఆ బాధ పడిన గేమ్ కంపెనీలను అడగాలి. పైగా లెక్క కచ్చితత్వం రెట్టింపు కావాలంటే, అంటే శాస్త్రవేత్తలకు కావాల్సిన డబుల్ ప్రెసిషన్‌కు పోతే, ఆ చిన్న కోరు వేగం పద్నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో 2008లో పెటాఫ్లాప్, అంటే వెయ్యి టెరాఫ్లాప్స్, దాటిన రోడ్‌రన్నర్ సూపర్ కంప్యూటర్‌కు ఐబీఎం ఆ లోపం సరిచేసిన వేరే రకం సెల్ వాడింది, ప్లేస్టేషన్‌లోది కాదు.

కాబట్టి "పవర్" అనే మాట ఎవరైనా అంటే, ఏ పనికి అని అడగండి. సెల్ ఒక పనికి సూపర్ కంప్యూటర్, ఇంకో పనికి పాత లాప్‌టాప్ కన్నా అధ్వానం. రెండూ ఒకే చిప్.

2013లో సోనీ, మైక్రోసాఫ్ట్ ఇద్దరూ ఆ బాట వదిలేశారు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింట్లో ఏఎండీ జాగ్వార్ కోర్లు ఎనిమిదేసి పెట్టారు. వేగం 1.6, 1.75 గిగాహెర్ట్జ్. అవి చవక లాప్‌టాప్‌లకు, ట్యాబ్లెట్లకు చేసిన కోర్లు. అదే ఏడాది ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఐ5 నాలుగు కోర్లతోనే వాటిని సులువుగా దాటేది. కానీ ఆ గ్రాఫిక్స్, ఆ 8 జీబీ మెమరీ గేమ్‌కు సరిపోయాయి. ఆ తరం గేమ్‌లు చాలా వరకు సెకనుకు 30 ఫ్రేమ్‌ల, అంటే తెర మీద మారే 30 బొమ్మల దగ్గర ఆగిపోవడానికి ఆ బలహీనమైన కోర్లు ఒక కారణం.

ఇక మనం వాడుతున్న తరం. 2020 నవంబర్ నుంచి కన్సోల్‌లలో ఏఎండీ జెన్ 2 కోర్లు. ప్లేస్టేషన్ 5లో ఎనిమిది, 3.5 గిగాహెర్ట్జ్ దాకా. డెస్క్‌టాప్‌లో అదే జెన్ 2తో 2019లో వచ్చిన రైజెన్ 7 3700ఎక్స్. అదీ ఎనిమిదే, 4.4 దాకా. ఇన్నాళ్లకు ఒకే జాతి కోర్లు రెండు చోట్లా దొరికాయి, పోల్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. తేడా ఎక్కడ? ఎల్3 క్యాష్‌లో. డెస్క్‌టాప్‌ది 32 మెగాబైట్లు. కన్సోల్‌ది 8. నాలుగో వంతు.

క్యాష్ సంగతి మన ఏనుమాముల మార్కెట్ చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఎంతమంది హమాలీలు ఉన్నా మిర్చి బస్తాలు చేతికందే దూరంలో ఉంటేనే పని నడుస్తుంది. బస్తాలు ఊరవతల గోదాములో ఉండిపోతే హమాలీలు చాయ్ తాగుతూ కూర్చుంటారు, కూలి మాత్రం పడుతూనే ఉంటుంది. కోరుకు క్యాష్ చేతికందే దూరం, మెమరీ ఊరవతలి గోదాము.

ఆ మెమరీలో కూడా తేడా ఉంది. డెస్క్‌టాప్‌లో రెండు డీడీఆర్4 స్టిక్కులు 3200 వేగంతో పెడితే సెకనుకు 51.2 గిగాబైట్లు వస్తాయి. ప్లేస్టేషన్ 5లో 448. దాదాపు తొమ్మిది రెట్లు! కానీ అది జీడీడీఆర్6, గ్రాఫిక్స్‌కు చేసిన మెమరీ. ఒకేసారి పెద్ద మొత్తంలో తెస్తుంది, అడిగిన మొదటి ముక్క రావడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది. గ్రాఫిక్స్ భాగానికి ఆ ఆలస్యం పట్టదు, వేల లెక్కలు వరుసలో ఉంటాయి కాబట్టి ఒకటి ఆగితే ఇంకోటి చేసుకుంటుంది. ప్రాసెసర్‌కు మాత్రం ఆ ఆలస్యం గట్టిగా తగులుతుంది. పైగా ఆ 448ని రెండూ పంచుకోవాలి.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2021లో ఏఎండీ 4700ఎస్ అని ఒక డెస్క్‌టాప్ కిట్ తెచ్చింది. ఎనిమిది జెన్ 2 కోర్లు, బోర్డుకే అతికించిన 16 జీబీ జీడీడీఆర్6, గ్రాఫిక్స్ భాగం మూసేసి ఉంది. అది ప్లేస్టేషన్ 5 చిప్‌లలో గ్రాఫిక్స్ బాగాలేనివని ఏఎండీ నోటితో చెప్పలేదు గానీ, చూసినవాళ్లంతా అదే అనుకున్నారు. దానిమీద విండోస్ వేసి పరీక్షించారు. మెమరీ ఆలస్యం మామూలు రైజెన్ డెస్క్‌టాప్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు తేలింది. అవే కోర్లు, అదే ఎనిమిది, అయినా గేమ్‌లలో 3700ఎక్స్ కన్నా వెనకబడింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టే దారి కూడా ఇరుకే, పీసీఐ 2.0లో నాలుగు లేన్లు, కాబట్టి కొంత తప్పు ఆ దారిదీ ఉంది. కన్సోల్ ప్రాసెసర్‌ను డబ్బాలోంచి తీసి డెస్క్‌టాప్‌లో కూర్చోబెడితే ఏమవుతుందని అడిగితే ఇదీ జవాబు. అటువైపు డెస్క్‌టాప్‌లో క్యాష్ పెంచుకుంటూ పోయారు. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో ఎనిమిది కోర్లే, ఎల్3 మాత్రం 96 మెగాబైట్లు. గేమ్‌లలో దాని బలమంతా ఎక్కువగా అక్కడే ఉంది.

మరి ఇంత తక్కువ క్యాష్‌తో కన్సోల్ ఎలా నెట్టుకొస్తోంది? మళ్లీ ఆ పాత మారియో సూత్రమే. ప్లేస్టేషన్ 5లో గేమ్‌లను దాచిపెట్టే ఎస్‌ఎస్‌డీ నుంచి సెకనుకు 5.5 గిగాబైట్లు వస్తాయి, అదీ కుదించిన రూపంలో. దాన్ని విప్పాలి. ఆ పని ప్రాసెసర్‌కు అప్పగిస్తే తొమ్మిది జెన్ 2 కోర్లు కావాలని ఈ డబ్బాను రూపొందించిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో చెప్పాడు. ఉన్నవే ఎనిమిది! అందుకే విప్పడానికి విడిగా ఒక యంత్రం చిప్‌లోనే పెట్టారు. శబ్దానికి ఇంకోటి. ప్రాసెసర్ మీద పడేది మిగిలిన పనే. దానికితోడు గేమ్ రాసేవాడికి ప్రతి డబ్బా ఒకేలా ఉంటుందని తెలుసు. సెకనుకు 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ఏది ఎప్పుడు చేయాలో ముందే లెక్కవేసుకుంటాడు. పీసీకి రాసేవాడు మీ పక్కింటి పాత కార్డునూ, ఎక్కడో ఉన్న లక్షన్నర కార్డునూ రెండింటినీ దృష్టిలో పెట్టుకోవాలి.

మనకు, అంటే మే నెలలో రామగుండం వైపు ఉండేవాళ్లకు, ఇంకో విశేషం చెప్పాలి. పీసీ ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి జనవరిలో వచ్చిన ఫ్రేమ్‌లు ఎండాకాలంలో రాకపోవచ్చు. ప్లేస్టేషన్ 5లో వేగం మారేది గది వేడిని బట్టి కాదు, చిప్ చేస్తున్న పనిని బట్టి. ప్రపంచంలో ఏ మూల ఉన్నా అదే గేమ్ అదే చోట అదే వేగంతో నడవాలని అలా చేశారు. మరీ వేడెక్కితే మాత్రం నెమ్మదించదు, హెచ్చరించి ఆగిపోతుంది. మాన్యువల్‌లో 35 డిగ్రీల దాకా అని ఉంది. మన దగ్గర 35 అంటే చల్లబడినట్టు. (నవ్వులు) టీవీ స్టాండు అరలో ఇరికించి పెట్టకండి, అంతే. కరెంటు భయపడేంత ఏమీ కాదు. గేమ్ నడిచేటప్పుడు సుమారు 200 వాట్లు, ఐదు గంటలు ఆడితే ఒక యూనిట్.

ఇక ధర. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ 49,990 రూపాయలకు వచ్చింది, తర్వాత పెరిగింది. మైక్రోసాఫ్ట్ అయితే కన్సోల్ డబ్బాల మీద తమకు ఎన్నడూ లాభం రాలేదని 2021లో అమెరికా కోర్టులో చెప్పింది. గేమ్‌ల మీద కమిషన్, నెలవారీ చందా, వాటితో ఆ లోటు పూడ్చుకుంటారు. మీ ఊళ్లో కంప్యూటర్ షాపాయనకు ఆ వసతి లేదు. బోర్డు కంపెనీ, కార్డు కంపెనీ, డిస్ట్రిబ్యూటర్, చివరికి ఆయన, అందరూ ఆ డబ్బాలోనే బతకాలి. అదే పైసలకు షాపులో పది టెరాఫ్లాప్స్ రాకపోవడానికి అసలు కారణం ఇంజనీరింగ్ కన్నా ఇదే అంటాను నేను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మా తమ్మునికి గేమ్స్ కావాలి, నాకు కోడింగ్ ఉన్నది. ఒక్కటే కొనగలం. ఏది కొనాలి?)

డెస్క్‌టాప్, బిడ్డా. ఆలోచించక్కర్లేదు. కన్సోల్‌లో నువ్వు పైథాన్ కూడా వేసుకోలేవు. ఎక్స్‌బాక్స్‌లో డెవలపర్ మోడ్ అని ఒకటుంది గానీ అది నీ కాలేజీ పనికి ఆనదు. ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు కొనకు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఆరు కోర్ల ప్రాసెసర్ తీసుకో, మెమరీ మాత్రం ఒకే 16 కాకుండా 8 చొప్పున రెండు స్టిక్కులు పెట్టించు. లోపలి గ్రాఫిక్స్ ఆ మెమరీనే వాడుకుంటుంది, రెండు స్టిక్కులైతే దారి రెట్టింపవుతుంది. పవర్ సప్లై మంచిది వేయించు, తర్వాత కార్డు పెట్టుకోవడానికి. మీ తమ్ముణ్ణి రెండేళ్లు పాత గేమ్‌లు ఆడమను.

(ఇంకో విద్యార్థి: సార్, సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ 4 చవకగ దొరుకుతున్నది. దాంట్ల లినక్స్ వేస్తే కంప్యూటర్ లెక్క పనిచేస్తదా?)

వేసినవాళ్లున్నారు తమ్మీ. కానీ పాత సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉన్న డబ్బా కావాలి, తాళం పగలగొట్టాలి, ఆపేసి పెట్టిన ప్రతిసారీ ఆ తంతు మళ్లీ చేయాల్సి రావొచ్చు. అంతా అయ్యాక నీ చేతికొచ్చేవి ఆ 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ కోర్లే. ఆ పైసలకు ఆఫీసులు అమ్మేసే పాత ఐ5 డెస్క్‌టాప్ చూడు, నాలుగో తరమో ఆ పైదో. కోర్లు నాలుగే ఉంటాయి, కానీ ఒక్కోటీ జాగ్వార్ కన్నా బాగా వేగం. హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేసుకో. కొనేముందు వెనక హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూసుకో. కొన్నింట్లో వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటాయి, మీ ఇంటి టీవీకి పెట్టాలంటే కన్వర్టర్‌కు మళ్లీ ఖర్చు.